పాట కట్టే కోడలుబిడ్డకు

బిడ్డా,

బ్యాంకు కోచింగ్ మానేసి హైదరాబాద్‌ల రూము తీసుకున్నవని, సొంతంగ పాటలు రాసి పాడుతవని మీ అమ్మ ఫోన్ల ఏడ్చుకుంట చెప్పింది. నాకు గుండె దడదడ కొట్టుకున్నది. సంతోషం గూడ పట్టలేకపోయిన. మా నాయిన పాడిండు, మీ నాయిన కట్టిండు, ఇప్పుడు నువ్వు రెండూ చేస్తానంటున్నవ్.

వద్దనను. వేళకు తిను. గొంతు పోతే మూడు దినాలు నోరు మూసుకొని ఉండు, గోలీలు మింగి స్టేజి ఎక్కకు. ప్రోగ్రాం అయినంక రాత్రి ఎవరు దిగబెడుతున్నరో నాకు మెసేజ్ పెట్టు, ఎంత పొద్దుపోయినా సరే.

అసలు సంగతి కాగితం గురించి.

మీ నాయిన పాట ఎందుకు బంద్ చేసిండో నీకెవ్వరు చెప్పి ఉండరు. అప్పుడు క్యాసెట్ల కాలం. రాత్రి కరెంటు కోసం బావికాడ కావలి ఉండి, గట్టు మీద కూసొని పాటలు కట్టేటోడు. నోటుబుక్కు నిండినంక ఒక క్యాసెట్ కంపెనీ వాళ్ళు పిలిస్తే దేవరకొండల బస్సెక్కి పోయిండు. కుర్చీ ఏసిన్రు, చాయ్ పోసిన్రు, ఇంగ్లీషు కాగితం ముందట పెట్టిన్రు. ఇందుల ఏం రాసున్నదని అడుగుతే చదువురానోడు అనుకుంటరని మీ నాయిన అడుగలే. సంతకం పెట్టి, వాళ్ళిచ్చిన పైసలతోని నాకు చీర తెచ్చిండు. ఎంత మురిసిపోయిండో!

క్యాసెట్ వచ్చింది. అట్ట మీద పాడినోళ్ళ పేర్లున్నయి. రాసినోళ్ళ పేరు ఉండాల్సిన కాడ ‘జానపదం’ అని అచ్చేసిన్రు. పెండ్లి బరాత్‌లల్ల ఆ పాటకు జనం ఎగురుతుంటే మీ నాయిన పక్కకు నిలబడి చూసేటోడు. ఒకసారి, ఇది నేను రాసిందే అన్నడు. విన్న పిలగాడు నవ్విండు. ఇంటికొచ్చి నోటుబుక్కు పెట్టెల ఏసిండు, మళ్ల తీయలే. ఆ కాగితం నేను నల్గొండ కోర్టుకాడ వకీలు సారుకు చూపించిన. హక్కులన్ని ఎప్పటికీ కంపెనీకే రాసిచ్చిండమ్మా అన్నడు. అన్నకు ఆ మాట చెప్పడానికి నాకు నోరు రాలే.

అందుకే ఆ సారును అడిగి అడిగి తెలుసుకున్న. కాపీరైట్ చట్టం 1957ది, 2012ల సవరించిన్రు. రాసినోళ్ళు, బాణీ కట్టినోళ్ళు కంపెనీకి హక్కులు ఇచ్చినా, రాయల్టీల, అంటే పాట వాడుకున్నప్పుడల్ల వచ్చే పైసలల్ల, సమాన వాటా తీసుకునే హక్కు వాళ్ళకే ఉంటది. దాన్ని వారసులకో, రాయల్టీ వసూలు చేసే కాపీరైట్ సంఘానికో తప్ప కంపెనీకి రాసియ్యనీకి చట్టం ఒప్పుకోదు. కాగితంల ఏ పాట, ఏ హక్కులు, ఎన్నేండ్లు, ఏ దేశాలు అని విడివిడిగ ఉండాలె. ఎన్నేండ్లో రాయకపోతే అయిదేండ్లే లెక్క. ‘ఎప్పటికీ’ అన్న మాట కనిపిస్తే కలం కింద పెట్టు. పాటలు రాసేటోళ్ళకు, బాణీలు కట్టేటోళ్ళకు ఐపీఆర్ఎస్ అని అసుంటి సంఘం ఉన్నది, అందుల సభ్యత్వం తీసుకో. యూట్యూబ్‌ల పెట్టే ప్రతి పాట కింద నీ పేరు నువ్వే రాయి. సిగ్గు పడకు! మన పాత నల్గొండ జిల్లాల తెలంగాణ పోరాటం పాటలు కట్టిన సుద్దాల హనుమంతు గారు ఊరి పేరుతోనే పాటల నిలబడ్డడు.

ఇంకోటి గట్టిగనే చెప్తున్న. నాట్లల్ల నేను ఎత్తుకునే పాటలు నేను కట్టినవి కావు. వంచిన నడుము ఎత్తకుండ కూలికిపోయిన ఆడోళ్ళు పాడుకున్నవి. ఒకామె ఎత్తుకుంటే తక్కినోళ్ళు అందుకునేది, ఎవరికి తోచిన చరణం వాళ్ళు కలిపేది. నీ గొంతుల ఆ మలుపులు అక్కడియే. ఏ అవ్వ దగ్గర పల్లవి తీసుకున్నా ఆమె పేరు, ఊరు రాయి, వచ్చిన పైసలల్ల వాటా ఇయ్యి. మీ నాయినకు జరిగింది నీ చేతుల మీదుగ ఇంకొకామెకు జరిగితే నేను ఓర్వ.

ఏం రాయాలె అని అడిగినవట. బావా మరదళ్ళ పాటలు చానామంది రాస్తున్నరు, అవి వాళ్ళకు ఇడిసిపెట్టు. నువ్వు చిన్నప్పుడు మర్రిగూడ దిక్కు ఫ్లోరైడ్ నీళ్ళకు ఎముకలు వంకర్లు పోయినోళ్ళను చూసి, ఇంటికొచ్చి బువ్వ తినలే. మీ అమ్మమ్మోళ్ళు పాలమూరు నుంచి బొంబాయి బస్సెక్కుతుంటే కిటికీ పట్టుకొని ఉరికినవ్. ఆ అమ్మమ్మ అక్కడ మట్టి తట్టలు మోసుకుంట ఏం పాడుకున్నదో అడిగినవా ఎప్పుడన్నా? ఇప్పుడామెకు వినపడుడు తగ్గింది. దసరా దాక ఆగకు, ముందే పోయి పక్కన కూసో, ఫోన్ల రికార్డు చేసుకో.

మీ నాయినకు నీ పాట వినిపించినవా? వినిపించు. కోపానికొస్తే రానియ్యి.

ఏ కంపెనీ వాళ్ళు కాగితం పంపినా సంతకం పెట్టకముందే నాకు వాట్సాప్ చెయ్యి. వకీలు సారు ఫీజు నేను కట్టుకుంట.

మీ మేనత్త