కూపన్లు ఇన్ని వాడుతున్నా సరుకుల ఖర్చు ఎందుకు తగ్గట్లేదు?

ప్రశ్న: మేం ఇద్దరం, మాకు ఇద్దరు పిల్లలు. ప్రతి నెలా సరుకులకి ఇంత అని పక్కన పెడతాం, 20వ తారీఖు వచ్చేసరికి అయిపోతుంది. నేను కూపన్లు, ఆఫర్లు వెతికి మరీ కొంటాను. బిల్లు కింద 'మీరు ఆదా చేసింది' అని పెద్ద అంకే కనిపిస్తుంది. అయినా పోయినేడాది కంటే ఖర్చు పెరిగిందే తప్ప తగ్గలేదు. ఈ కూపన్లన్నీ దండగ, మానెయ్ అంటారు మావారు. నిజంగానే మానెయ్యాలా? బడ్జెట్ దాటకుండా ఉండాలంటే ఏం చెయ్యాలి?

జవాబు: మానెయ్యక్కర్లేదండీ. వాడే వరస మార్చుకుంటే చాలు, ఆ సంగతి కాసేపట్లో చెప్తాను. అంతకంటే ముందు మీరు రాసిన దాంట్లో నాకు పట్టుకున్న మాట '20వ తారీఖు'. ఒక్క నెల అలా అయితే అనుకోని ఖర్చేదో తగిలిందనుకోవచ్చు. ప్రతి నెలా అదే సమయానికి అయిపోతోందంటే మీకు అదుపు లేదని కాదు, అసలు పెట్టుకున్న అంకెలోనే తేడా ఉందని. చాలా ఇళ్ళల్లో సరుకుల బడ్జెట్ అంటే ఎవరూ కూర్చుని లెక్క వేసింది కాదు, 'ఇంతలో అయిపోవాలి' అని ఎప్పుడో అనుకున్నది. అది సరిపోనప్పుడు ఇంట్లో కొనే మనిషి మీద నింద పడుతుంది, మాటా మాటా పెరుగుతుంది. నాకు అది చూస్తే చాలా బాధేస్తుంది.

కాబట్టి ముందు మూడు నెలల బిల్లులు తియ్యండి. కాగితాలు పారేసి ఉంటే బ్యాంకు స్టేట్‌మెంటు, యాప్‌లో పాత ఆర్డర్లు చాలు. పెన్ను తీసుకుని తిండి కాని ప్రతిదాన్నీ గుండ్రంగా చుట్టండి. సబ్బులు, బట్టల పౌడరు, టూత్ పేస్టు, బ్యాటరీలు, అటుగా వెళ్తూ బుట్టలో వేసుకున్న ప్లాస్టిక్ డబ్బా, అన్నీ. నా దగ్గరికి సలహాకి వచ్చిన ఒక జంటతో ఇదే చేయించాను. బల్ల మీద బిల్లులు పరిచి ఆవిడ ఎర్ర పెన్నుతో చుట్టుకుంటూ పోతుంటే, నాలుగో బిల్లు దగ్గరే ఆయన "ఇదంతా తిండి ఖర్చే అనుకుంటున్నానే" అన్నారు. అన్నీ కూడితే వాళ్ళ సరుకుల ఖర్చులో దాదాపు నాలుగో వంతు తిండి కానిదే తేలింది. ఇలాంటివి నెలనెలా సమానంగా రావు, ఒక నెల ఏమీ ఉండదు, ఇంకో నెల అన్నీ ఒకేసారి అయిపోతాయి, ఆ నెల బడ్జెట్ తన్నేస్తుంది. వాటికి వేరే పద్దు పెట్టుకోండి. ఆ పని ఒక్కటి చేసినా తిండి ఖర్చు మీకు మొదటిసారి స్పష్టంగా కనిపిస్తుంది.

ఇంకో లెక్క పొరపాటు ఉంది, ఇది ఎంత మంది చేస్తారో చెప్పలేను. నెల డబ్బుని నాలుగుతో భాగించి వారానికి ఇంత అనుకోవడం. ఏడాదికి 52 వారాలు కదా, నాలుగుతో భాగిస్తే మీరు 48 వారాలకే డబ్బు పెట్టుకున్నట్టు. మిగతా నాలుగు వారాలు ఇంట్లో ఎవరూ తినరా? నెల అంకెని 12తో హెచ్చవేసి 52తో భాగించండి. నెలకి 5200 అనుకోండి, వారానికి 1300 కాదు, 1200 వస్తుంది. ఆ వంద తేడానే మెల్లగా పోగుపడి 'ఈ నెలేంటో కలిసి రాలేదు' అనిపిస్తుంది. నిల్వ ఉండే సరుకులు నెలకోసారి, పాలు, కూరలు, పళ్ళు లాంటివి వారానికోసారి కొనే అలవాటు ఉంటే, నిల్వ సరుకుల డబ్బు ముందే తీసేసి మిగిలినదాన్ని ఇలా వారాలకి పంచుకోండి. ఆ వారం డబ్బు మీ మామూలు ఖాతాలో కలవకుండా చూసుకోవడం ముఖ్యం. వేరే ఖాతా కావచ్చు, కవర్లో నగదు కావచ్చు, ఎందులో ఉన్నా ఎంత మిగిలిందో చూడగానే తెలియాలి.

ఇక కూపన్ల సంగతి. కూపన్ పుట్టిందే మనకి లేని అలవాటు చెయ్యడానికి. 1880ల చివర్లో కోకా-కోలా వాళ్ళు ఒక గ్లాసు ఉచితం అని చీటీలు పంచారు, అప్పటికి ఆ పానీయం గురించి పెద్దగా ఎవరికీ తెలియదు. ఒకసారి ఉట్టినే తాగిన మనిషి రెండోసారి డబ్బిచ్చి తాగుతాడన్నదే ఆలోచన. ఇప్పుడు చీటీ ఫోన్‌లోకి వచ్చింది, ఆలోచన మాత్రం అదే. మీరు ఎప్పుడూ కొనే వస్తువుకి కూపన్ రావడం తక్కువ, కొనని వస్తువుకీ కొత్త రకానికీ రావడం ఎక్కువ, గమనించి చూడండి.

రిచర్డ్ థేలర్ అనే ఆర్థికవేత్త, 2017లో నోబెల్ వచ్చింది ఆయనకి, కొనేటప్పుడు మనకి రెండు రకాల తృప్తి ఉంటుందని చెప్పారు. వస్తువు పనికొస్తుందన్న తృప్తి ఒకటి, మంచి బేరం తగిలిందన్న తృప్తి ఇంకొకటి. ఈ రెండోది బలంగా ఉన్నప్పుడు వస్తువు అవసరమే లేకపోయినా కొనేస్తాం. మీ బిల్లు కింద కనిపించే 'ఆదా' అంకె ఉన్నది ఆ రెండో తృప్తి కోసమే. అసలు ధర అని వాళ్ళు వేసినదానికీ మీరు కట్టినదానికీ తేడా అది, అంతే. కొనకుండా వదిలేసి ఉంటే మొత్తం మిగిలేది, ఆ లెక్క ఏ బిల్లూ వెయ్యదు.

ఒక ఉదాహరణ చూద్దాం. మీ బుట్టలో 700 విలువైన సరుకు ఉంది. '1000 కొంటే 100 తగ్గింపు' అని కూపన్ కనిపించింది. ఇంకో 300 సరుకు వేశారు, 900 కట్టారు. బిల్లు మీద 100 ఆదా అని వచ్చింది, మీ జేబులోంచి 200 ఎక్కువ పోయింది. ఆ 300 సరుకు వచ్చే నెల ఎలాగూ కొనేదే అయితే 100 నిజంగా మిగిలినట్టే, కానీ ఆ మేరకు వచ్చే నెల బడ్జెట్ తగ్గించుకోవాలి, ఇక్కడే అందరూ మర్చిపోతారు. కొనేది కాకపోతే కొసరు కోసం అసలు పోగొట్టుకున్నట్టు.

అలాగే '20 శాతం తగ్గింపు, గరిష్ఠంగా 50' అని ఉంటే 250 దగ్గరే ఆ కూపన్ పని అయిపోయింది. ఆ పైన ఎంత కొన్నా ఒక్క పైసా తగ్గదు, 1000కి కొంటే మీకు దక్కింది 5 శాతమే. '50 శాతం అదనం ఉచితం' వినడానికి బాగుంటుంది, లెక్కకి అది 33 శాతం తగ్గింపు. ఒకటి కొంటే రెండోది సగం ధరకి అంటే మొత్తం మీద 25 శాతం. 20 శాతం మీద ఇంకో 10 శాతం అంటే 30 కాదు, 28. క్యాష్‌బ్యాక్ పాయింట్ల రూపంలో వస్తే వాటికి గడువు ఉందేమో చూసుకోండి, మళ్ళీ అక్కడే కొంటే తప్ప అవి డబ్బు కావు. ఇవన్నీ నోటికి రానక్కర్లేదు. ఫోన్‌లో కాలిక్యులేటర్ తీసి, చేతికొచ్చే సరుకు బరువెంత, నేను కట్టేదెంత అని భాగిస్తే చాలు, కిలోకి ఎంత పడుతోందో తెలిసిపోతుంది. ప్యాకెట్ బరువు తప్పకుండా చదవండి, ధర అలాగే ఉంచి లోపల సరుకు తగ్గించడం ఇప్పుడు మామూలైపోయింది. నిరుటి ప్యాకెట్ కిలో, ఈ ఏటిది 900 గ్రాములు, ధర అదే అయితే కిలో లెక్కన 11 శాతం పెరిగినట్టు, అట్ట మీద చూస్తే తెలియనే తెలియదు.

వరస మార్చమన్నానే, అది ఇది. ఇప్పుడు మీరు కూపన్లు చూసి ఏం కొనాలో అనుకుంటున్నారని నా అనుమానం. ముందు వంటింట్లోకి వెళ్ళి అలమారా, ఫ్రిజ్ తెరిచి చూసి లిస్టు రాయండి. కాగితం మీద రాయండి, బుట్టలో వేస్తూ కొట్టెయ్యడానికి వీలుగా ఉంటుంది. లిస్టు పూర్తయ్యాక, అందులో ఉన్నవాటికి కూపన్ ఉందేమో ఓ పది నిమిషాలు వెతకండి. పది నిమిషాలు దాటితే ఆపెయ్యండి, మీ సమయానికీ విలువ ఉంది. లిస్టులో లేనిదానికి ఎంత గొప్ప కూపన్ వచ్చినా ఈ వారానికి వదిలెయ్యండి. అంతగా కావాలనిపిస్తే వచ్చే వారం లిస్టులో రాసుకోండి. ఆపాటికి ఆఫర్ అయిపోతే అయిపోనివ్వండి, ఇంకోటి వస్తుంది. ఆ నోటిఫికేషన్లు కూడా ఆపెయ్యండి, 'ఇంకో రెండు గంటలే' అని ఫోన్ మోగుతుంటే ఎంత గట్టి మనిషికైనా టెన్షన్ వస్తుంది.

ఆఫర్‌లో ఎక్కువ కొని నిల్వ చెయ్యడం తప్పు కాదు. మా ఇంట్లో కింది అరలో గిన్నెలు తోమే లిక్విడ్ నాలుగు సీసాలు ఉన్నాయి, మూడో వంతు తగ్గింపులో తీసుకున్నాను. మాకు సీసా నెలన్నర వస్తుంది, అంటే ఆరు నెలల సరుకు, పాడయ్యేది కాదు, ప్రతి సీసా మూత మీద తెరిచిన తేదీ రాస్తాను. ఇది లాభం. కానీ పెరుగు, బ్రెడ్డు, ఆకుకూరలు ఒకటి కొంటే ఒకటి ఉచితం అంటే, ఆ రెండోది గడువు లోపల ఎవరు తింటారో అక్కడ నిలబడి చెప్పగలిగితేనే తీసుకోండి. పారేసిన తిండికి ఎంత కూపన్ ఉన్నా నష్టమే. ఐక్యరాజ్యసమితి పర్యావరణ విభాగం 2024లో ఇచ్చిన నివేదిక ప్రకారం 2022లో ప్రపంచమంతా కలిపి 100 కోట్ల టన్నులకు పైగా ఆహారం వృథా అయింది, అందులో 60 శాతం ఇళ్ళల్లోనే. హోటళ్ళలో, దుకాణాల్లో కాదు, మన వంటిళ్ళల్లో. రెండు వారాల పాటు పారేసినవన్నీ ఫ్రిజ్ మీద ఒక కాగితం అంటించి రాయండి, ఏం, ఎంత, అని మాత్రమే. ఎవరినీ ఏమీ అనక్కర్లేదు. మూడో వారం లిస్టు దానంతటదే చిన్నదవుతుంది. కూపన్ల కంటే ఇక్కడే ఎక్కువ డబ్బు మిగిలిన ఇళ్ళు నాకు తెలుసు.

క్రెడిట్ కార్డు ఆఫర్ల గురించి ఒక్క మాట. నెల నెలా బిల్లు పూర్తిగా కట్టేస్తుంటే వాడుకోండి. బాకీ మోస్తూ ఉంటే మాత్రం ఆ వడ్డీ ముందు ఏ తగ్గింపూ నిలవదు, ఆ కార్డుతో సరుకులు కొనొద్దు.

కూపన్ వల్ల నిజంగా మిగిలిన రోజు, అంటే లిస్టులో ఉన్నదే కొని తక్కువ కట్టిన రోజు, ఆ మిగిలిన డబ్బుని అదే రోజు వేరే ఖాతాలోకి పంపెయ్యండి. ఇరవై అయినా సరే, యాభై అయినా సరే. అలా పంపకపోతే అది రెండు రోజుల్లో ఇంకేదో చిన్న ఖర్చులో కలిసిపోతుంది, మళ్ళీ మీరు 'ఇంత ఆదా చేశాను కదా, ఏమైంది' అని వెతుక్కుంటారు. మీవారికి జవాబు కూడా ఆ ఖాతానే. మూడు నెలలయ్యాక ఇద్దరూ కలిసి అందులో ఎంతుందో చూడండి, కూపన్లు దండగో కాదో వాదించుకునే అవసరం ఉండదు. ఇంకోటి, ఆఫీసు నుంచి వస్తూ దారిలో ఆయన కొనేవి, రాత్రిపూట యాప్‌లో తెప్పించే చిన్న చిన్న ఆర్డర్లు, వాటి డెలివరీ చార్జీలు కూడా ఈ వారం డబ్బులోంచే పోవాలి. ఒక్కరు లెక్క రాసి ఇద్దరు ఖర్చు పెడితే ఏ బడ్జెట్టూ నిలబడదు.

బిల్లులన్నీ కూడాక, అనవసరమైనవి తీసేశాక కూడా మీరు పెట్టుకున్న అంకె కంటే ఎక్కువే వచ్చిందనుకోండి, సంకోచించకుండా అంకె పెంచండి. నలుగురు తినే ఇంటికి అంత అవుతుంది, అంతే. ఆ పెంచిన డబ్బు ఎక్కడి నుంచి తేవాలో ఇద్దరూ కూర్చుని చూడండి, వాడని సబ్‌స్క్రిప్షన్లు, బయట తిండి, ఫోన్ ప్లాన్లు, ఏదో ఒకటి దొరుకుతుంది. పిల్లల పాలు, పళ్ళ దగ్గర మాత్రం కోత పెట్టొద్దు. కొత్త అంకెతో రెండు నెలలు నడపండి, అప్పటికీ నెలాఖరు దాకా రాకపోతే ఆ రెండు నెలల లెక్కలు పంపండి, కలిసి చూద్దాం.