ఇంగ్లీషు మాటను హిందీలోకి మార్చేటప్పుడు మధ్యలో తెలుగును పెట్టుకోండి

కొత్త ఉద్యోగంలో హిందీ కస్టమర్లతో ఫోన్‌లో మాట్లాడాలి, టేక్, రన్, నో (know), ఛార్జ్ లాంటి చిన్న మాటలకు డిక్షనరీలో పదేసి హిందీ అర్థాలు ఉంటున్నాయి, ఏది ఎక్కడ వాడాలో తెలియడం లేదు అని అడిగారు. నేను గుంటూరు మిర్చి యార్డులో ఒక కమీషన్ షాపులో పన్నెండేళ్లుగా లెక్కలు రాస్తున్నాను. ఉత్తరాది నుంచి సరుకు కొనడానికి వచ్చేవాళ్లతో మాట్లాడేది కూడా నేనే. ఈ టెన్షన్ నేనూ పడ్డాను కాబట్టి నాకు పనికొచ్చింది చెబుతాను.

ఇంగ్లీషు మాటను ఒక్కదాన్నే పట్టుకుని హిందీ వెతక్కండి. ముందు ఆ వాక్యం మొత్తం ఇంట్లో మాట్లాడే తెలుగులో అనుకోండి. చాలాసార్లు అర్థాలు అక్కడే విడిపోతాయి. మా షాపులో కొత్తగా చేరిన కుర్రాడు ఒకసారి తేజ రకం చూపిస్తూ ‘బహుత్ గరమ్ మిర్చీ’ అన్నాడు. హాట్ అంటే గరమ్ అని చదువుకున్నాడు. కొనడానికి వచ్చినాయన వెంటనే బస్తాలో మోచేతి దాకా చేయి పెట్టి చూశాడు, కాయ సరిగా ఆరక లోపల వేడెక్కిందేమోనని. అదే మాట తెలుగులో అనుకుని ఉంటే కుర్రాడి నోట ‘కారం’ వచ్చేది, ‘వేడి’ వచ్చేది కాదు. కారానికి తీఖా, వేడికి గరమ్. ఇంగ్లీషు కలిపేసిన ఈ రెండింటినీ తెలుగూ హిందీ విడిగానే ఉంచుకున్నాయి.

నో అన్న మాట చూడండి. ‘హిందీ వచ్చా?’ అని మనం అడిగినట్టే వాళ్లు ‘హిందీ ఆతీ హై?’ అంటారు. భాష ‘రావడం’ రెండు చోట్లా ఉంది. మనిషి తెలిస్తే జాన్‌నా, సంగతి తెలిస్తే పతా హై. రన్ కూడా అంతే. బండి నడుస్తోంది, దుకాణం నడుస్తోంది, రెండింటికీ చల్ రహీ హై. ముక్కు కారితే బహ్‌నా, మనిషి పరిగెత్తితే దౌడ్‌నా. మనం ‘నడుస్తుందిలే’ అంటామే, వాళ్ల ‘చల్తా హై’ అదే. ఇది గమనించిన రోజు హిందీ అంటే నాకున్న భయం సగం పోయింది. క్రియ వాక్యం చివర రావడం, ‘నాకు కోపం వచ్చింది’ అన్నట్టే ‘ముఝే గుస్సా ఆయా’ అనడం, ఇవి మనం కొత్తగా నేర్చుకోవాల్సినవి కావు.

టేక్ దగ్గర మాత్రం తెలుగు పూర్తిగా దారి చూపదు. ఫోటో మనం తీస్తాం, వాళ్లు లాగుతారు, ఖీంచ్‌నా. మాత్ర మనం వేసుకుంటాం, వాళ్లు తింటారు, గోలీ ఖానా. పరీక్ష మనం రాస్తాం, వాళ్లు ఇస్తారు, పరీక్షా దేనా. పరీక్షా లేనా అంటే అది పరీక్ష పెట్టే మాస్టారి పని. ఇలాంటివి బట్టీ పట్టాల్సిందే. ఇక రెండు రోజులు పడుతుందంటే ‘దో దిన్ లగేంగే’. ఈ లగ్‌నా మీద ఒక వారం కూర్చోండి. ఆకలి వేయడం, దెబ్బ తగలడం, నిప్పు అంటుకోవడం, బాగుందనిపించడం, అన్నిటికీ అదే.

అసలు జాగ్రత్త పడాల్సింది సంస్కృతం మాటల దగ్గర. నేను చిన్నప్పుడు దక్షిణ భారత హిందీ ప్రచార సభ పరీక్షలు రాష్ట్రభాష దాకా రాశాను, చదవడం బాగానే వచ్చు. ఆ ధైర్యంతోనే పొరపాటు చేశాను. ఇండోర్ పార్టీ ఒకరు ‘శనివార్ కో అవకాశ్ రహేగా’ అని మెసేజ్ పెట్టారు. శనివారం దించుకోవడానికి అవకాశం ఉంటుందని అర్థం చేసుకుని, ఆ రోజుకు చేరేలా లారీ పంపించేశాను. హిందీలో అవకాశ్ అంటే సెలవు. గోడౌన్ షట్టర్ సోమవారం దాకా తెరవలేదు. డ్రైవర్ రెండు రోజులు లారీలోనే పడుకున్నాడు, ఆ హాల్టింగ్ డబ్బు మా షాపు కట్టింది. అవకాశం అన్న అర్థానికి వాళ్లు మౌకా అంటారు.

అప్పటి నుంచి ఒక నోట్‌బుక్‌లో రాసుకుంటున్నాను. మన ఉపన్యాసం అక్కడ నవల, మన ఆలోచన అక్కడ విమర్శ, మన వ్యవసాయం అక్కడ వ్యాపారం, మన శిక్ష అక్కడ చదువు. అనుమాన్ అంటే అంచనా, కాబట్టి ‘అనుమాన్ బతాయియే’ అని ఎవరైనా అంటే మిమ్మల్ని శంకిస్తున్నారని బాధపడకండి. రాజీనామాకు ఇస్తీఫా అనండి, హిందీలో రాజీనామా అంటే రాజీపడి రాసుకునే కాగితం.

ఛార్జ్ మిగిలింది. ఆటోకైతే కిరాయా, మనమూ కిరాయి అంటాం కదా. కేసులోనైతే ఆరోప్, పదవిలోనైతే కార్యభార్. ఫోన్‌కైతే ఛార్జ్ కర్‌నా అంటే చాలు, హిందీవాళ్లూ అదే అంటారు.