డైవ్ వాచ్‌లోకి నీళ్లు వెళ్తే వారంటీ రాదా?

ప్రశ్న: హైదరాబాద్‌లో అధీకృత డీలర్ దగ్గర 4.6 లక్షలకు స్విస్ ఆటోమేటిక్ డైవ్ వాచ్ కొన్నాను. 300 మీటర్ల వరకు నీళ్లు వెళ్లవని డయల్ మీదే ఉంది. ఏడాదిన్నర వాడాక రుషికొండ బీచ్‌లో ఈత కొట్టి వస్తే అద్దం లోపల ఆవిరి పట్టింది. సర్వీస్ సెంటర్ వాళ్లు "క్రౌన్ (టైమ్ మార్చడానికి తిప్పే పక్క గుండీ) బిగించలేదు, తప్పు మీదే, వారంటీ రాదు" అంటూ 90 వేలకు ఎస్టిమేట్ ఇచ్చారు. నేను విశాఖలో ఉంటాను. కేసు వేయవచ్చా?

జవాబు: వేయవచ్చు. కానీ కేసు కంటే ముందు వాచ్ సంగతి చూడండి. లోపలికి వెళ్లింది ఉప్పునీరు, మూవ్‌మెంట్ (లోపలి యంత్రం) తుప్పు పట్టడానికి ఎక్కువ రోజులు పట్టదు. అలాగని వాళ్లు ఎస్టిమేట్ ఇచ్చిందే తడవుగా ఓకే చెబితే పాత గ్యాస్కెట్లు (నీళ్లు లోపలికి రాకుండా ఆపే రింగులు), క్రౌన్ తీసి కొత్తవి వేసేస్తారు, దాంతో మీ సాక్ష్యం కూడా పోతుంది. అందుకే ఈ రోజే మెయిల్ పెట్టండి: వాచ్‌ను నా సమక్షంలో తెరవాలి, వీడియో తీయాలి, క్రౌన్ మరలు, గ్యాస్కెట్ల స్థితి రాసివ్వాలి, మార్చిన పాత భాగాలన్నీ నాకు తిరిగివ్వాలి. డబ్బు కట్టక తప్పకపోతే "నా హక్కులు వదులుకోకుండా, అభ్యంతరంతో కడుతున్నాను" అని రాసి కట్టండి.

ఇక అసలు వివాదం. డైవర్ల వాచీలకు ఐఎస్ఓ 6425 అనే ప్రమాణం ఉంది, దాని ప్రకారం రాసిన లోతు కంటే 25 శాతం ఎక్కువ ఒత్తిడితో పరీక్షించాలి. అలాంటి వాచ్‌కు బీచ్‌లో ఈత లెక్కలోది కాదు. కానీ ఆ 300 మీటర్ల హామీ క్రౌన్ పూర్తిగా బిగించి ఉన్నప్పుడే. ఆటోమేటిక్ వాచ్ చేతి కదలికతోనే నడుస్తుంది కాబట్టి రెండు మూడు రోజులు చేతికి పెట్టుకోకపోతే ఆగిపోతుంది, పొద్దున్నే టైమ్ సరిచేసి హడావుడిలో క్రౌన్ బిగించడం మర్చిపోయేవాళ్లు చాలామంది. ఆ రోజు మీరు టైమ్ గానీ తేదీ గానీ మార్చారా? నిజం మీ లాయర్‌కు ముందే చెప్పండి.

లోపం ఉందని చూపించాల్సిన మొదటి బాధ్యత మీదే. అయితే మీరు తప్పుగా వాడారని వాళ్లు అంటే దానికి ఆధారం వాళ్లు చూపించాలి, వట్టి మాట చాలదు. పైగా ఆ సర్వీస్ సెంటర్ కంపెనీదే అయితే దాని రిపోర్టును స్వతంత్ర అభిప్రాయంగా తీసుకోనక్కర్లేదు. వినియోగదారుల రక్షణ చట్టం 2019లోని సెక్షన్ 38 కింద ల్యాబ్ పరీక్షకు పంపమని కేసు విచారించే వినియోగదారుల కమిషన్‌ను అడగండి, ఫీజు మిమ్మల్ని కట్టమనవచ్చు.

అవతలి లాయర్ మీ రోజువారీ వాడకం గురించి గుచ్చి గుచ్చి అడుగుతాడు. వేడినీళ్ల స్నానానికి పెట్టుకునేవారా (వేడి, సబ్బు గ్యాస్కెట్లకు మంచివి కావు), సముద్రం నుంచి వచ్చాక మంచినీళ్లతో కడిగేవారా, ఏటా ప్రెషర్ టెస్ట్ చేయించమని మాన్యువల్‌లో ఉంటే చేయించారా. వీటన్నిటికంటే ప్రమాదకరమైనది ఒకటుంది: బయటి షాపులో ఎప్పుడైనా వెనక మూత తీయించారా? తీయించి ఉంటే కేసు బాగా బలహీనపడుతుంది.

ప్రాడక్ట్ లయబిలిటీ (లోపమున్న వస్తువు వల్ల జరిగిన హానికి పరిహారం) కింద వేయమని ఎవరైనా చెబితే వద్దనండి. వస్తువుకే జరిగిన నష్టం ఆ చట్టంలోని 'హాని' నిర్వచనంలోకి రాదు. వస్తువులో లోపం, సేవాలోపం, ఈ రెండు చాలు. డీలర్‌నూ, భారత్‌లో ఆ బ్రాండ్‌ను దిగుమతి చేసే కంపెనీనీ ఇద్దరినీ పార్టీలుగా చేర్చండి.

హైదరాబాద్ వెళ్లక్కర్లేదు. మీరు నివసించే చోటే వేయవచ్చు కాబట్టి విశాఖ జిల్లా కమిషన్ సరిపోతుంది, చెల్లించిన ధర 5 లక్షల లోపే కనుక ఫీజు కూడా లేదు. వినియోగదారుల కేసుల కోసం ఉన్న ఈ-జాగృతి పోర్టల్‌లో ఆన్‌లైన్‌లోనే దాఖలు చేయవచ్చు. ముందుగా జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించడం మంచిదే, కొన్ని కంపెనీలు అక్కడే దిగొస్తాయి. గడువు రెండేళ్లు. దాన్ని వారంటీ తిరస్కరించిన రోజు నుంచి కాకుండా ఆవిరి కనిపించిన రోజు నుంచే లెక్కేసుకోండి, మెయిళ్లు నడుస్తున్నాయి కదా అని గడువు ఆగదు.