రివెట్ వేసిన పాత మడత చాకు వదులైతే ఇంట్లోనే బిగించుకోవచ్చా?

మీ తాతగారి మడత చాకు తెరిస్తే బ్లేడు ఇటూ అటూ ఊగుతోందనీ, మూసేటప్పుడు మునుపటిలా టక్కుమని పడకుండా మెత్తగా జారిపోతోందనీ, స్క్రూ ఎక్కడా కనబడకపోవడంతో విప్పే దారి తెలియడం లేదనీ రాశారు. మా ఇంట్లోనూ అలాంటిదే ఒకటి ఉంది. గుంటూరు మిర్చి యార్డులో కమిషన్ కొట్టు నడిపిన మా పెదనాన్నగారు టిక్కీల (మిర్చి బస్తాల) కుట్లు కోయడానికి దాన్ని వాడేవారు. ఆయన తరువాత అది నా చేతికి వచ్చేసరికి మీరు చెప్పిన రెండు జబ్బులూ దానికి ఉన్నాయి. రివెట్ చాకును విప్పకుండానే బిగించవచ్చు. అయితే సుత్తి పట్టుకునే ముందు లోపలి మురికి పూర్తిగా వదిలించాలి, ఎందుకంటే మురికితో బిగుసుకున్న కీలు శుభ్రం చేశాక ఎంత వదులుగా ఉందో అప్పుడు గానీ తెలియదు.

ఈ రకం చాకుల్లో తెరిచిన బ్లేడును కదలకుండా పట్టి ఉంచే తాళం ఉండదు. పిడి వెనుకవైపు పొడవునా కనిపించే ఉక్కు పట్టీయే స్ప్రింగు; పిడిలోకి వెళ్లే బ్లేడు మొదలు మీద అది ఎప్పుడూ నొక్కుతూనే ఉంటుంది. ఆ మొదలుకు, తెరిచినప్పుడు ఒకటి, మూసినప్పుడు ఒకటి చొప్పున స్ప్రింగుకు ఆనే చదునులు ఉంటాయి. ఒక చదును నుంచి మరొక దానికి మారేటప్పుడు మధ్యనున్న మూల స్ప్రింగును పైకి లేపి వదులుతుంది, మీరు విన్న టక్కు శబ్దం అదే. కాబట్టి పక్కలకు ఊగడం రివెట్‌కు, దాని రెండు వైపులా ఉన్న రేకులకు సంబంధించిన లోపమైతే, జారిపోవడం స్ప్రింగుకు సంబంధించిన లోపం. ఈ రెంటినీ ఒకటిగా చూసి రివెట్‌ను బాదుతూ పోతే స్ప్రింగు బాగుపడదు.

శుభ్రం చేయడానికి ముందు పిడి దేనితో చేసిందో చూడండి. ప్లాస్టిక్, లోహపు పిడి అయితే గోరువెచ్చని నీళ్లలో కాస్త సబ్బు కలిపి, అందులో ముంచి తెరుస్తూ మూస్తూ ఉంటే చాలావరకు మురికి పోతుంది. కొయ్య, కొమ్ము, ఎముక పిడులను మాత్రం నీళ్లలో నానబెట్టకూడదు, అవి ఉబ్బుతాయి లేదా బీటలు వారతాయి. అలాంటప్పుడు డబ్ల్యూడీ-40 స్ప్రేను సన్నని గొట్టంతో కీలులోకి కొద్దిగా కొట్టి, చాకును మొన కిందికి ఉండేలా పాత గుడ్డ మీద ఆనించి, బ్లేడును నెమ్మదిగా ఆడించాలి. మా చాకు నుంచి మొదట కాటుకలాంటి నల్లని జిడ్డు, దాని వెంట గోనె పీచు, ఎర్రటి పొడి బయటపడ్డాయి. ఆ పొడి తుప్పో, మిరప దుమ్మో చెప్పడం కష్టం, కానీ నాకు మాత్రం తుమ్ములు వచ్చాయి. మీదీ యార్డులో తిరిగిన చాకే అయితే కంప్రెసర్ గాలి కొట్టించే ఆలోచన మానుకోండి, ఆ పొడి కళ్లలో పడుతుంది. కీలు దగ్గర గుడ్డ మీద నల్లని మరక పడటం ఆగిపోయేవరకు స్ప్రే కొడుతూ, తుడుస్తూ ఉండాలి. పిడి లోపలి గాడిలో గట్టిపడిన మురికిని సూదితో కాకుండా వెదురు పుల్లతో గీకండి, ఇత్తడి రేకు మీద గీతలు పడవు.

శుభ్రమయ్యాక కూడా ఊగుతూ ఉంటే, అప్పుడు రివెట్ పని. దీనికి గట్టి ఇనుప ఆధారం, గుండ్రని తల ఉన్న చిన్న సుత్తి చాలు. పెద్ద సుత్తిని వైస్‌లో బిగించి దాని తలను ఆధారంగా వాడుకోవచ్చు, రైలు పట్టా ముక్క దొరికితే మరీ మంచిది. రివెట్ ఒక కొన ఆ ఇనుము మీద సరిగ్గా ఆనాలి, పిడి గాలిలో ఉండకూడదు. కొట్టబోయే ముందు శీతల పానీయం డబ్బా నుంచి సన్నని రేకు కత్తిరించి, దాని అంచులు రుద్ది, బ్లేడు మొదలుకు, పక్క రేకుకు మధ్య దూర్చండి. ఆ డబ్బా గోడ మందం సుమారు 0.1 మి.మీ. ఉంటుంది, పని ముగిశాక దాన్ని లాగేస్తే బ్లేడు ఆడటానికి కావలసిన ఖాళీ అంతే మిగులుతుంది. ఈ రేకు లేకుండా కొట్టేవారు చాకును పూర్తిగా బిగదీసి, తరువాత తెరవలేక అవస్థ పడతారు. ఇక రివెట్ నడిమధ్యన గట్టిగా కాకుండా అంచు చుట్టూ తేలికగా తట్టండి, తల కొద్దిగా పరుచుకొని రేకులను దగ్గరకు లాగుతుంది. నాలుగు దెబ్బలు వేసి ఊపి చూడటం, మళ్లీ రెండు దెబ్బలు వేయడం అన్నట్టుగా సాగాలి. చాకును తిరగేసి రెండో కొనను కూడా తట్టాలి. బ్లేడు పూర్తిగా తెరిచి, మొన దగ్గర పట్టుకొని పక్కలకు ఊపితే కదలిక చేతికి తెలియకుండా ఉండాలి, మూసేటప్పుడు మాత్రం ఎక్కడా రాసుకోకూడదు. ఇత్తడి రివెట్ మెత్తన కాబట్టి త్వరగా లొంగుతుంది. ఉక్కు రివెట్‌కు ఓపిక కావాలి. కొయ్య పిడి, కీలు దగ్గర లోహపు తొడుగు లేకుండా నేరుగా రివెట్ దాకా వస్తే దెబ్బకు చీలే అవకాశం ఉంది, అక్కడ మరింత నెమ్మదిగా తట్టండి.

కొంచెం బిగువెక్కువైనా కంగారుపడనక్కరలేదు, నూనె వేసి ఆడిస్తూ ఉంటే సర్దుకుంటుంది. నూనె అంటే కుట్టు మిషను నూనె, ఒక్క చుక్క చాలు. డబ్ల్యూడీ-40 నీటిని, తుప్పును వదిలించడానికి మంచిదే గానీ ఎక్కువ కాలం నిలిచే కందెన కాదు. వంటనూనె వేయకండి, కొంతకాలానికి అది బంకలా గట్టిపడి మళ్లీ దుమ్మును పట్టుకుంటుంది.

టక్కు శబ్దం శుభ్రతతో తిరిగి రాకపోతే వెలుతురులో స్ప్రింగును పరిశీలించండి. పిడి మధ్యలో స్ప్రింగును పట్టి ఉంచే పిన్ను దగ్గర వెంట్రుకంత గీత కనబడితే అది పగులు. అది ఇంట్లో బాగయ్యేది కాదు: కొత్త పట్టీ చేయాలంటే స్ప్రింగు ఉక్కును ఎర్రగా కాల్చి, ఒక్కసారిగా చల్లార్చి, మళ్లీ సుమారు 300 డిగ్రీల సెల్సియస్ దగ్గర నీలి రంగు వచ్చేవరకు వేడి చేసి దాని గట్టిదనాన్ని సరిచేయాలి; గ్యాస్ పొయ్యి మీద దాన్ని సరిగ్గా రాబట్టడం కష్టం. విజయవాడ ఆటోనగర్‌లో లేత్ పనివారికి చూపిస్తే పిన్నులు డ్రిల్ చేసి విప్పి, కొత్త పట్టీ తయారు చేసి పెట్టగలవారు దొరుకుతారు. చాకు విలువకు మించి ఖర్చు కావచ్చు, తాతగారిది కాబట్టి ఆ లెక్క మీరే చూసుకోవాలి.

పనిలో పనిగా బ్లేడు అంచును కూడా చూడండి. ఒకే చోట చదునుగా నొక్కుకుపోయినట్టుంటే, మూసినప్పుడు అంచు లోపలి స్ప్రింగుకు తగులుతోందన్నమాట. బ్లేడు మొదలు కింద దానిని ఆపే చిన్న బొడిపె ఉంటుంది. మొన పిడి పైకి పొడుచుకొస్తోందని కొందరు ఆ బొడిపెను ఆకురాయితో ఎక్కువగా అరగదీస్తారు, దాంతో ఈ ముప్పు వస్తుంది. అంచు తగిలే చోట గాడిలో పలుచని తోలు ముక్క అంటిస్తే సరిపోతుంది.

స్క్రూలతో వచ్చే కొత్త చాకులది వేరే కథ. వాటికి నక్షత్రాకారపు టీ6, టీ8 బిట్లు కావాలి. అల్లెన్ కీ బలవంతంగా దూర్చితే తల అరిగిపోతుంది. వాటిలో బ్లేడును పట్టి ఉంచే తాళం జారుతున్నట్టయితే మాత్రం వంచి సరిచేసే ప్రయోగాలు వద్దు, ఆ చాకును పక్కన పెట్టేయండి. బలం పెట్టి కోస్తుండగా అది మూసుకుపోతే దెబ్బ తగిలేది మీ వేళ్లకే. మీ చాకుకు అసలు తాళమే లేదు గనుక, ఎంత బాగా బిగించినా మొనతో పొడిచే పనులకు దాన్ని వాడకండి.