పెంకు మీది సంవత్సరం, మండువా మీది రేకు

ప్రశ్న: మచిలీపట్నంలోని మా ముత్తాతగారి మండువా లోగిలిని కొన్నేళ్ల క్రితం బట్టల దుకాణానికి అద్దెకిచ్చాం. ఇటీవల దింపిన ఒక పెంకు మీద ‘బాసెల్ మిషన్ టైల్ వర్క్స్, 1865’ అని అచ్చు ఉంది. అయితే 1864 ఉప్పెన తరువాతి ఏడాదే ఇల్లు కట్టారని అనుకోవచ్చా? దుకాణం వచ్చినప్పటి నుంచి గోడలు ఉప్పెక్కి పెచ్చులూడుతున్నాయి. కారణమేమిటి?
– ఒక పాఠకురాలు

జవాబు: ఆ అంకె పెంకును కాల్చిన సంవత్సరం కాదు, మంగళూరులో ఆ కర్మాగారం మొదలైన సంవత్సరం. స్విట్జర్లాండ్‌లోని క్రైస్తవ ప్రచార సంస్థ బాసెల్ మిషన్‌కు చెందిన ప్లెబ్స్ట్ అనే జర్మన్ దానిని 1865లో నెలకొల్పారు. ఆ తరువాత చాలా ఏళ్లకు తయారైన పెంకుల మీద కూడా అదే సంవత్సరం అచ్చయింది. మొదటి ప్రపంచయుద్ధం వల్ల ఆ మిషన్ పరిశ్రమలు చేతులు మారాయి గనుక, మీ పెంకు ఆ యుద్ధానికి ముందుదని స్థూలంగా చెప్పవచ్చు. అయితే పెంకు చెప్పేది కప్పు వయసునే గాని ఇంటి వయసును కాదు. కూన పెంకు (కుమ్మరులు చేసే చిన్న నాటు పెంకు) కప్పును తీసివేసి మంగళూరు పెంకు వేయించుకున్న ఇళ్లు ఎన్నో ఉన్నాయి. 1864 నవంబరు 1 రాత్రి వచ్చిన ఉప్పెనలో సుమారు 30,000 మంది చనిపోయిన ఊరు మీది. అందుచేత ఆ తరువాతే ఇల్లు కట్టారని మీ ఇంట్లో పెద్దలు చెబుతూ వచ్చి ఉంటే ఆ మాటను తేలికగా తీసివేయకండి. దానికి రుజువును మాత్రం పెంకులో కాక పాత దస్తావేజులలో వెదకండి. ఎక్కడైనా ఇనుప దూలం ఉంటే దాని మీది పేరు కూడా చూడండి. టాటా పేరున్న ఉక్కు దూలమైతే అది 1912కు ముందుది కాజాలదు, ఎందుకంటే జంషెడ్‌పూర్‌లో ఉక్కు తయారీ ఆ ఏడాదే మొదలైంది.

ఇక గోడల సంగతి ఇంతకన్నా ముఖ్యమైనది. మండువా అంటే వెలుతురు కోసం వదిలిన ఖాళీ మాత్రమే కాదు. నాలుగు వైపుల చూరుల నుంచి పడిన వాన నీరు తూము గుండా బయటికి పోవడానికి, ఇంట్లోని వేడి, తేమ పైకి పోవడానికి అదే దారి. దుకాణదారులు సరుకు తడవకుండా దాని మీద రేకు బిగిస్తారు, గానుగ సున్నపు గోడలకు సిమెంటు పూత వేయిస్తారు. నేలలోని తేమ ఇటుకల గుండా పైకి పాకినా సున్నపు పూతలోంచి ఆవిరైపోతుంది. సిమెంటు దానిని అడ్డుకోవడంతో తేమ ఇంకా పైకి ఎక్కి, ఆరిన చోటల్లా ఉప్పును వదులుతుంది. ఆ ఉప్పు గడ్డకట్టి ఉబ్బినప్పుడు పెచ్చులు ఊడతాయి. సముద్రపు గాలి తగిలే బందరులో ఈ బాధ మరింత ఎక్కువ. పెచ్చులూడిన చోట మళ్లీ సిమెంటు పూయించడం మందు కాదు, అదే జబ్బు.

మీ దుకాణంలోనూ ఇలాగే జరిగి ఉంటే, రేకును పూర్తిగా తీయించనక్కరలేదు. చూరుకు ఒక అడుగు పైకి లేపి, చుట్టూ గాలి ఆడేటట్లు బిగించమనండి. రేకు అంచును చూరు దాటించి, తూమును తెరిపించండి. సిమెంటు పూతను గోడ దెబ్బ తినకుండా ఉలితో తీయించి, కొంతకాలం ఆరనిచ్చి, సున్నపు పని తెలిసిన మేస్త్రీతో పూయించండి. దుకాణం కోసం నేల ఎత్తు పెంచి ఉంటే టేకు స్తంభాల కింది రాతి దిమ్మెలు పూడిపోయాయేమో కూడా చూడండి. కర్రకు తడి, చెద తగలకుండా ఉండడానికే వాటిని పెడతారు. పూడి ఉంటే వాటి చుట్టూ ఉన్న పలకలను ముందుగా తొలగించండి.