సంతలో గేదెను కొని భీమిలి తేవాలంటే ఏ కాగితాలు కావాలి?

విజయనగరం వైపు సంతలో కొన్న గేదెను భీమిలి తెచ్చుకోవడానికి రశీదు చాలదా అని అడిగారు. చాలదండీ. బండెక్కించే ముందే అక్కడి పశువైద్యుడితో ఆరోగ్య ధ్రువపత్రం రాయించుకోండి. ప్రయాణానికి తగిన స్థితిలో ఉందని, అంటురోగాలు లేవని అందులో ఉండాలి. 1978 నాటి పశు రవాణా నియమాలు అడిగేది ఇదే.

అన్నిటికంటే ముఖ్యం చెవికున్న పసుపు ట్యాగ్. దాని మీది 12 అంకెలు, కాగితంలోని నంబరు ఒక్కటేనా అని అంకె అంకె పట్టి చూడండి, తొందరపడొద్దు. గాలికుంటు (నోట్లో, గిట్టల మధ్య పుండ్లు తెచ్చే అంటురోగం) టీకా ఎప్పుడు వేశారో ఆ నంబరుతోనే తెలుస్తుంది. తర్వాత ట్యాగ్ వివరాలు మీ పేరుకు మార్పించుకోండి.

కొన్నాళ్లు మిగతా పశువులకు దూరంగా కట్టేయండి. నోట్లో చొంగ, గిట్టల మధ్య పుండ్లు కనిపిస్తే దయచేసి దాచొద్దు. పశువుల అంటురోగాల నివారణకు తెచ్చిన 2009 చట్టం ప్రకారం ఆ కబురు చెప్పాల్సిన బాధ్యత యజమానిదే.