పాత ఫైలులో పేరు మారిస్తే సేఫ్టీ ప్లాన్ అయిపోతుందా?

సందేహం: అన్నా, నాది దేవరకొండ. సివిల్ డిప్లొమా చేసి అక్కడ కొన్నాళ్లు సైట్ సూపర్‌వైజర్‌గా చేసిన. ఇప్పుడు సిడ్నీల డ్రైనేజీ పైపులు వేసే సబ్‌కాంట్రాక్టర్ దగ్గర చేరిన. "రేపటికి స్విమ్స్ తయారు చెయ్" అని ఒక పాత ఫైలు చేతుల పెట్టిండు. పేరు, తేదీ మార్చి ఇస్తే సరిపోతదా?

జవాబు: సరిపోదు తమ్ముడూ. ఆ ఫైలు వేరే వీధిలో, వేరే మట్టిలో, వేరే మిషన్లతో చేసిన పనికి రాసింది. సేఫ్ వర్క్ మెథడ్ స్టేట్‌మెంట్ దాని పూర్తి పేరు, సైట్లో అందరూ స్విమ్స్ అంటారు. పనిని ప్రమాదం లేకుండా ఎలా చేస్తామో రాసిపెట్టే కాగితం అది. ప్రమాదం ఎక్కువున్న నిర్మాణ పనికి, పని మొదలు కాకముందే అది సిద్ధంగా ఉండాలని ఇక్కడి చట్టం. అందులో రాసినట్టు పని జరగకపోతే పని ఆపాలి, అదీ చట్టమే. కాబట్టి నువ్వేం రాస్తావో రేపు ఇన్‌స్పెక్టర్ అదే పట్టుకుని అడుగుతాడు. గోతిలో షోరింగ్ (గోడలు కూలకుండా పెట్టే ఆధారం) వేస్తామని రాసి, గోతిలో షోరింగ్ లేకపోతే ఆ కాగితమే నీ మీద సాక్ష్యం.

ముందు నీ పని ప్రమాదం ఎక్కువున్న పనుల జాబితాలోకి వస్తుందో లేదో చూసుకో. చాలా రాష్ట్రాలు పాటించే నమూనా నిబంధనల్లో 18 రకాల పనులున్నాయి. విక్టోరియాకు సొంత చట్టం ఉంది, జాబితా దగ్గరదగ్గరగా అదే. మనవాళ్లకు ఎక్కువ తగిలేవి ఇవి: 2 మీటర్లకు మించి కింద పడే అవకాశమున్న పని, 1.5 మీటర్ల కన్నా లోతైన కందకం, సొరంగం, గ్యాస్ పైపుల దగ్గర పని, కరెంటు ఉన్న తీగల దగ్గర పని, వాహనాలు తిరిగే రోడ్డు పక్క పని, మిషన్లు తిరిగే చోట పని, ఆస్‌బెస్టాస్ కదిలే పని, బరువు మోసే గోడ కూల్చడం.

మీ పైపులైను ఒక్కటే వీటిలో నాలుగింటిని తాకుతుంది: కందకం, ఎక్స్‌కవేటర్, రోడ్డు, గ్యాస్. నాలుగు కాగితాలు అక్కర్లేదు, అన్నీ ఒకే స్విమ్స్‌లో రాయొచ్చు. మట్టితోనే మొదలుపెట్టు.

మన పాలమూరు, నల్గొండ వైపు ఎర్ర చల్క, కింద మొరం. నిలువుగా తవ్వినా గోడ నిలబడుతుంది, చుట్టూ రాతికట్టు లేకుండానే బావులు నిలిచాయి. ఆ నమ్మకం ఇక్కడ పనికిరాదు. పెర్త్‌లో ఇసుక, మెల్‌బోర్న్ పడమటి వైపు ఎండితే పగుళ్లిచ్చే బంకమట్టి. పైగా పాత కాలనీల్లో నువ్వు తవ్వేది చాలాసార్లు అసలు నేల కాదు, ఎప్పుడో పైపు వేసి పూడ్చిన మట్టి. గోడ కూలేది ఎక్కువగా అక్కడే. 2.2 మీటర్ల లోతు గోతిలో ఒక మీటరు పొడవున, అర మీటరు మందాన గోడ జారితే దాదాపు 2 టన్నుల మట్టి. మెడ దాకా రానక్కర్లేదు. ఛాతీ దాకా పూడితే చాలు, ఊపిరి తీసుకోలేరు.

1.5 మీటర్లు, ఆ పైన లోతుంటే గోడలకు షోరింగ్ గానీ, మెట్లుగా కోయడం గానీ, వాలుగా కోయడం గానీ ఉండాలి. అవేవీ అక్కర్లేదంటే, నేల బలాన్ని పరీక్షించే జియోటెక్నికల్ ఇంజనీర్ ఆ మాట రాతపూర్వకంగా చెప్పాలి. "వాలుగా కోస్తాం" అని ఊరికే రాసెయ్యకు, లెక్క వేసి చూడు. అడుగున 0.9 మీటర్ల వెడల్పు, 2.2 మీటర్ల లోతు, 45 డిగ్రీల వాలు అంటే పైన 5.3 మీటర్లు కావాలి. ఇళ్ల మధ్య వీధిలో అంత జాగా ఎక్కడిది? ట్రెంచ్ బాక్సో (గోతిలోకి దించే ఇనుప గోడల పెట్టె), హైడ్రాలిక్ షోరో (రెండు గోడలను నెట్టిపట్టే జాకీల ఆధారం) రాయాల్సిందే. ఏ సైజుదో, ఏ లోతు వరకు పనికొస్తుందో, మనిషి దిగేలోపు దాన్ని పైనుంచే ఎలా దించుతారో కూడా రాయాలి. బాక్సు దించకముందే కొలత తీయడానికని ఒకడు గోతిలోకి దూకుతాడు. జరిగే తప్పు ఇదే.

తవ్విన మట్టి, పైపుల కట్టలు, ఎక్స్‌కవేటర్ గోతి అంచు మీద ఉండకూడదు. లోతు ఎంతో కనీసం అంత దూరం ఉంచడం సైట్లో వాడే లెక్క. దిగడానికి, ఎక్కడానికి నిచ్చెన పని చేసే చోటికి దగ్గరగా ఉండాలి, షోరింగ్ ఉన్న భాగంలోనే ఉండాలి. చుట్టూ బారికేడ్ కట్టాలి, బడి పిల్లలు సెలవు రోజుల్లో వచ్చి తొంగిచూస్తారు. వాన పడితే మళ్లీ తనిఖీ చేశాకే మనిషి దిగాలి.

తవ్వేముందు బిఫోర్ యు డిగ్ అనే సేవ నుంచి ఆన్‌లైన్‌లో భూమి కింది పైపులు, కేబుళ్ల మ్యాపులు తెప్పించుకో. మ్యాపు గీత ఉన్నచోటే పైపు ఉంటుందని నమ్మకు. చేత్తో తవ్వి గానీ, వాక్యూమ్ బండితో మట్టి పీల్చి గానీ గ్యాస్ పైపును కళ్లతో చూశాకే ఎక్స్‌కవేటర్ బకెట్ దించాలి. ఇది స్విమ్స్‌లో మొదటి మెట్టు కావాలి, ఎవరు చేస్తారో పక్కనే రాయాలి.

ఇక రాసే తీరు. పని మెట్లు వరసగా రాసి, ప్రతి మెట్టుకు ప్రమాదం, అదుపు (ఆ ప్రమాదాన్ని ఆపే ఏర్పాటు), బాధ్యత ఎవరిది, దాన్ని ఎప్పుడెప్పుడు చూస్తారు అనే గడులు పెట్టు. ఎనిమిది పది మెట్లు చాలు. నలభై పేజీల స్విమ్స్‌ను సైట్లో ఎవరూ చదవరు, రాసినవాడితో సహా. "జాగ్రత్తగా ఉండాలి", "హెల్మెట్ వాడాలి", "అవసరమైతే షోరింగ్" అనే మాటలు ఎక్కడున్నా కొట్టేయ్. అవసరమో కాదో తేల్చేది ఎవరు? "పొద్దున పని మొదలయ్యేముందు, వాన పడ్డాక సూపర్‌వైజర్ గోడలు, షోరింగ్ చూసి డైరీలో సంతకం పెడతాడు" అని రాస్తే అది అదుపు. అదుపులో ముందు ప్రమాదాన్నే తీసేయగలమా అని చూడాలి. పైపును గోతిలోకి దిగకుండా పైనుంచే అమర్చగలిగితే కూలే గోడ గొడవే ఉండదు. హెల్మెట్, చేతి తొడుగులు ఆఖరి మాట.

ఎత్తు పని వస్తే హార్నెస్ (పడితే పట్టి ఆపేలా ఒంటికి కట్టుకునే బెల్టు) గురించి ఒక్క లెక్క గుర్తుపెట్టుకో. తాడు 2 మీటర్లు, కుదుపు తగ్గించే షాక్ అబ్జార్బర్ సాగేది 1.75, మనిషి ఎత్తు 1.8, జాగ్రత్తకు మిగులు 1. కొక్కెం తగిలించిన చోటు నుంచి కింద దాదాపు 6.5 మీటర్ల ఖాళీ కావాలి. ఒకే అంతస్తు ఇంటి కప్పు మీద ఆ హార్నెస్ మనిషిని ఆపేలోపే నేల తగులుతుంది. అందుకే ముందు రెయిలింగ్, పరంజా చూడాలి. మన దగ్గర సర్వి కర్రలు కట్టే మేస్త్రీ ఎంత ఆరితేరినవాడైనా, ఇక్కడ 4 మీటర్లకు పైన పడే అవకాశమున్న పరంజా కట్టాలంటే లైసెన్స్ ఉండాలి.

రక్షించే ఏర్పాటు కూడా ముందే రాసి పెట్టాలి. 2025 ఫిబ్రవరి 22న దోమలపెంట దగ్గర ఎస్ఎల్‌బీసీ సొరంగం కూలి 8 మంది చిక్కుకున్నారు. నేల కూలాక లోపలున్న మనిషిని చేరుకోవడం ఎంత కష్టమో మన జిల్లాల్లో ఎవరికీ చెప్పక్కర్లేదు. "000కు (ఇక్కడి ఎమర్జెన్సీ నంబరుకు) ఫోన్ చేస్తాం" ఒక్కటే ప్లాన్ కాదు. పూడిపోయిన మనిషి కోసం రెండోవాడు దూకకూడదని, పైన ఎప్పుడూ ఒకరు ఉండాలని, ఎక్స్‌కవేటర్‌తో గీకి తీయొద్దని రాసి, అందరికీ చెప్పాలి.

స్విమ్స్ నువ్వొక్కడివే ల్యాప్‌టాప్ ముందు కూర్చుని రాసేది కాదు. గోతిలో దిగే మనుషులను, ఆపరేటర్‌ను కూర్చోబెట్టి రాయాలి. అందరికీ అర్థమయ్యేలా ఉండాలని నిబంధనే చెబుతోంది. కొత్తగా వచ్చిన మనవాళ్లు "ఎస్ బాస్" అని సంతకం పెట్టేస్తారు. ఇంగ్లిష్ అందకపోతే తెలుగులో చెప్పించుకోమను, తిరిగి వాళ్లచేతే చెప్పించు. ప్రాణం మీదికి వచ్చే ప్రమాదం కనిపిస్తే పని ఆపే హక్కు కూలీకి ఉంది, అదీ చెప్పు.

ఇంకొకటి. నిన్ను జీతం మీద కాకుండా ఏబీఎన్ (ఆస్ట్రేలియన్ బిజినెస్ నంబర్) మీద పెట్టుకున్నారా, చూసుకో. ఏబీఎన్ అంటే చట్టం దృష్టిలో నువ్వే ఒక వ్యాపారివి, నీ పనికి స్విమ్స్ బాధ్యత నీ మీదా పడుతుంది. మొత్తం ప్రాజెక్టు ఖర్చు 2,50,000 డాలర్లు, ఆ పైన ఉంటే సైట్ మొత్తానికి బాధ్యుడిగా ప్రిన్సిపల్ కాంట్రాక్టర్ ఉంటాడు (విక్టోరియాలో ఈ లెక్క వేరు). పని మొదలయ్యేలోపు అతనికి ఒక కాపీ ఇవ్వాలి.

అసలు కాపీ సైట్లో, గోతికి దగ్గరగా ఉండాలి, ఆఫీసు మెయిల్లో కాదు. లోతు మారినా, మిషన్ మారినా, ఏదైనా జరగబోయి తప్పినా దాన్ని మార్చి మళ్లీ అందరిచేత సంతకాలు పెట్టించు. పని ముగిసేదాకా దాచు. ప్రభుత్వానికి తెలియజేయాల్సిన ప్రమాదం జరిగితే మాత్రం ఆ రోజు నుంచి 2 ఏళ్లు దాచాలి.